పిల్లల సామాను చెత్త సంచుల్లోనా?

ఫోస్టర్ కేర్‌లో, అంటే సొంత తల్లిదండ్రుల దగ్గర ఉండలేక వేరే కుటుంబాల సంరక్షణలో ఉన్న పిల్లలను ఒక ఇంటి నుంచి మరో ఇంటికి మార్చేటప్పుడు వారి బట్టలు, పుస్తకాలు, బొమ్మలు నల్లటి చెత్త సంచుల్లో కుక్కి పంపడం అనేక చోట్ల చాలాకాలంగా సాగుతోంది. ఎవరికీ దురుద్దేశం ఉండకపోవచ్చు. ఉన్నపళంగా బయలుదేరాలి, సమయానికి పెట్టె దొరకదు, చేతికందింది ఆ సంచే. కానీ అలాంటి సంచిలో వేసినవన్నీ ఎక్కడికి పోతాయో పిల్లలకు బాగా తెలుసు.

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం ఇలాంటి పిల్లల కోసం సూట్‌కేసులు సిద్ధంగా ఉంచాలని 2023లో చట్టం చేసింది. మంచి పనే. అయితే పెట్టె ఇచ్చినంత మాత్రాన సమస్య తీరదు. సామాను ఎవరు సర్దారు, పిల్లలకు ఎంత వ్యవధి ఇచ్చారు, ఏది వదిలేయాలో ఎవరు తేల్చారు అన్నవి అంతకంటే పెద్ద ప్రశ్నలు.

చెవి ఊడి, రంగు వెలిసి, మురికి పట్టిన గుడ్డ కుందేలునే తీసుకోండి. పెద్దల కంటికి అది పారేయదగ్గది, మహా అయితే ఉతకవలసింది. బ్రిటిష్ పిల్లల వైద్యుడు, మనోవిశ్లేషకుడు డొనాల్డ్ వినికాట్ 1953లో ప్రచురించిన వ్యాసంలో, ఇలాంటి వస్తువును ఉతికినా బిడ్డ అనుభవంలోని కొనసాగింపు తెగిపోతుందని, తల్లి అది గ్రహించే దాన్ని అలాగే ఉండనిస్తుందని రాశారు. అమ్మా నాన్నా, ఇల్లూ, బడీ ఒక్కసారిగా దూరమైన బిడ్డకు ఆ కుందేలుకు అంటుకున్న పాత ఇంటి వాసన ఒక్కటే మిగిలి ఉండవచ్చు. కొత్త ఇంటివారు శుభ్రత పేరుతో, ప్రేమతోనే, మొదటి రాత్రే దాన్ని వాషింగ్ మెషీన్‌లో వేస్తే ఆ నష్టాన్ని పూడ్చే మార్గం లేదు. ఒక్క మాట అడిగితే సరిపోయేది.

ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2009లో ఆమోదించిన ప్రత్యామ్నాయ సంరక్షణ మార్గదర్శకాలు, బిడ్డ జీవితంలోని ప్రతి దశకు చెందిన ఫొటోలు, సొంత వస్తువులు, జ్ఞాపికలతో ఒక జీవితకథ పుస్తకాన్ని ఆ బిడ్డ భాగస్వామ్యంతోనే నిర్వహించాలని చెబుతున్నాయి. ఇల్లు మారిన ప్రతిసారీ సగం వస్తువులు పోతుంటే ఆ పుస్తకంలో అతికించడానికి ఏం మిగులుతుంది?

అత్యవసరంగా తరలించక తప్పని సందర్భాలు ఉంటాయి, కాదనలేం. అప్పుడు కూడా వెనక ఉండిపోయినవాటి జాబితాను బిడ్డను అడిగి రాయవచ్చు. వాటిని ఎవరు, ఏ రోజు తెచ్చి ఇస్తారో ఆ బిడ్డకే చెప్పి, ఆ రోజున తెచ్చి ఇవ్వవచ్చు.