మృదంగం మాన్పించమన్నారు

మా అబ్బాయి మూడో తరగతి చదువుతున్నాడు. గత నెల బడిలో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు వాళ్ల టీచరుగారు నన్ను పక్కకు పిలిచి, "బాబుకు చదవడమే సరిగా రావడం లేదు కదండీ, ఆ మృదంగం క్లాసు కొన్నాళ్లు మాన్పించి, ఆ గంట మా దగ్గర స్పెషల్ క్లాసులో కూర్చోబెట్టండి" అన్నారు. ఆవిడ వాడి మేలు కోరే అన్నారు, అందుకే ఆ మాట నన్ను మరింత బాధపెట్టింది. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు శిష్యులకు సంగీత పాఠాలు చెప్పిన ఈ విజయవాడలో, బాలమురళీకృష్ణగారు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన సంగీత కళాశాల ఉన్న ఈ ఊళ్లోనే, తాళం నేర్చుకోవడం చదువుకు అడ్డమన్న అభిప్రాయం మంచి టీచర్ల మనసుల్లో కూడా ఇంతగా పాతుకుపోవడం నాకు మింగుడుపడటం లేదు.

మావాడికి డిస్లెక్సియా ఉందని ఏడాది క్రితం పరీక్షల్లో తేలింది. వాడి కళ్లలో లోపం లేదు, తెలివిలో లోపం లేదు. విన్న కథను మర్నాడు పొల్లుపోకుండా తిరిగి చెబుతాడు, కానీ అదే కథను అచ్చులో ముందు పెడితే మూడో మాట దగ్గర ఆగిపోతాడు. వత్తులు వదిలేస్తాడు, దీర్ఘాలు మింగేస్తాడు. 'పుస్తకం' వాడి నోట 'పుతకం' అవుతుంది, 'కాలువ' 'కలువ' అవుతుంది. ఏలూరు కాలువ పక్కనుంచి రోజూ బడికి వెళ్లే పిల్లవాడు ఆ మాట పాఠంలో కనబడేసరికి కలువ అని చదువుతుంటే, నేను మొదట్లో అశ్రద్ధ అనుకుని కోప్పడ్డాను. ఆ కోపాన్ని తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఆ తరువాత చదివి తెలుసుకున్న విషయాలు ఇక్కడ రాయడం అవసరమనిపిస్తోంది, ఎందుకంటే చాలామంది తల్లిదండ్రులు డిస్లెక్సియా అంటే అక్షరాలు తలకిందులుగా కనబడటమనే ఇంకా నమ్ముతున్నారు. అసలు చిక్కు ఎక్కువమంది పిల్లల్లో మాటలోని ధ్వనులను విడివిడిగా పట్టుకోవడం దగ్గర ఉంటుంది. మనం మాట్లాడేటప్పుడు శబ్దం ఒకే మట్టంలో సాగదు. ఒక్కొక్క అక్షరం పలికేటప్పుడు లేచి, తగ్గి, మళ్లీ లేస్తుంది. ఒక అక్షరం ఎక్కడ మొదలైందో చెవికి తెలియజేసేది ఆ లేవడమే. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో పనిచేసే ఉషా గోస్వామిగారు, ఆమె సహచరులు 2002లో ప్రచురించిన పరిశోధనలో, డిస్లెక్సియా ఉన్న పిల్లలకు ఈ లేవడంలోని తేడాలు సరిగా అందడం లేదని చూపించారు. మెదడులోని విద్యుత్ తరంగాలు మాటలోని లయతో కాలు కలపడంలో వెనుకబడటమే దీనికి మూలమని 2011లో ఆమె ఒక సిద్ధాంతంగా ప్రతిపాదించారు. అదే ఏడాది ఆమె బృందం పిల్లలకు చిన్న చిన్న స్వరాల వరుసలను రెండేసి చొప్పున వినిపించి, రెండింటి నడకా ఒకటేనా కాదా అని అడిగింది. డిస్లెక్సియా ఉన్న పిల్లలకు ఆ తేడా పట్టుకోవడం కష్టమైంది, పైగా నడకను ఎంత బాగా పట్టుకోగలరన్న దానికీ ఎంత బాగా చదవగలరన్న దానికీ సంబంధం కనిపించింది.

ఇది చదివినప్పుడు నాకు మన ఛందస్సు గుర్తుకొచ్చింది. పొట్టి అక్షరం పలికేంత కాలం ఒక మాత్ర. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. దీర్ఘం ఉంటే గురువు, సున్న ఉంటే గురువు, వెనుక వత్తు అక్షరం వస్తే ముందున్న అక్షరం గురువు. మావాడు వదిలేసేవి ఇందులోవే: దీర్ఘం, వత్తు. అంటే తెలుగులో ఈ పిల్లలు తడబడే చోట్లు మన లాక్షణికులు కాలం కొలిచి గుర్తుపెట్టిన చోట్లే. ఇది నా పరిశీలన మాత్రమే, దీన్ని ఎవరూ పరీక్షించి తేల్చారని నేను అనడం లేదు. అయినా ఇంత పదునైన పనిముట్టును హైస్కూలు దాకా దాచి ఉంచి, అక్కడ గణవిభజన పేరుతో నాలుగు మార్కుల ప్రశ్నగా మార్చి, కాగితం మీద గీతలు గీయించి వదిలేయడం నాకు చాలా అన్యాయంగా తోస్తుంది. ఆరేళ్ల పిల్లకు గణాల పేర్లు అక్కరలేదు, చేతులుంటే చాలు.

మా మృదంగం మాస్టారికి ఈ పరిశోధనల సంగతి తెలియదు. వాడు మాటలు తప్పు చదువుతున్నాడని ఒకసారి మాటవరుసకు చెప్పాను. మరుసటి క్లాసులో ఆయన మృదంగం పక్కన పెట్టించి, వాడి వాచకం తెరిపించి, "ఏదీ నాయనా, ఈ మాట తొడ మీద వాయించు" అన్నారు. 'కాలువ' అని ఆయన నెమ్మదిగా పలికారు. కా దగ్గర రెండు దెబ్బలంత కాలం, లు ఒకటి, వ ఒకటి. "ఎన్నయ్యాయి?" "నాలుగండీ." "అయితే ఏ జతి?" "తకధిమి." నాలుగు మాత్రలకు మృదంగంలో చెప్పే పలుకు అది. తరువాత 'కలువ' అన్నారు. వాడు మూడు దెబ్బలు వేసి, తనంతట తానే "తకిట" అన్నాడు. ఆ రెండు మాటలూ వేరని ఎర్రసిరాతో ఎన్నిసార్లు దిద్దినా పట్టనిది, అరచేతికి ఒక్క నిమిషంలో పట్టింది. 'పుస్తకం' దగ్గర ఆయన వాడి వేలు పట్టుకుని స్త కింద ఉన్న వత్తు మీద ఆనించి, ముందున్న పు దగ్గర ఆగమన్నారు. రెండు, ఒకటి, రెండు. మొత్తం అయిదు మాత్రలు, తకతకిట. వాడు పది సార్లు వాయించి, పదకొండోసారి పుస్తకం అని చదివాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకపోతే తప్పవుతుంది. లయ ఉన్నంత మాత్రాన చదువు వచ్చినట్టు కాదు. మా చిన్నతనంలో "కకు దీర్ఘమిస్తే కా, గుడిస్తే కి, గుడిదీర్ఘమిస్తే కీ" అంటూ గుణింతం ఊగుతూ వల్లించేవాళ్లం. మావాడూ దాన్ని చివరిదాకా అప్పజెబుతాడు, కానీ మధ్యలో ఒక అక్షరం మీద వేలు పెట్టి ఇదేమిటంటే చెప్పలేడు. నోరు పాటలో పడిపోయింది, కన్ను అక్షరం మీద లేదు. దెబ్బా, ధ్వనీ, అక్షరం మీద వేలూ ఒకే క్షణంలో కలిసినప్పుడే పని జరుగుతుందని నేను ఇంట్లో చూసి చెబుతున్నాను. అలాగే అక్షరానికీ ధ్వనికీ ఉన్న సంబంధాన్ని ఓపికగా, వరుసగా నేర్పే రీడింగ్ పాఠం వీళ్లకు తప్పనిసరి, దాని స్థానంలో మృదంగం పెట్టమని నేను ఎవరికీ చెప్పను. రెండూ కావాలంటున్నాను.

ఆధారం ఎంత ఉందని అడిగేవారికి కూడా నిజమే చెప్పాలి. సంగీత శిక్షణ డిస్లెక్సియా పిల్లల చదువుకు ఉపకరిస్తుందా అని 2012లో, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ తరఫున సమీక్ష చేసినవారికి అప్పటికి ప్రమాణాలకు తగిన ప్రయోగం ఒక్కటీ దొరకలేదు. 2015లో ఇటలీ నుంచి ఒక ప్రయోగం ఫలితాలు వచ్చాయి. 8 నుంచి 11 ఏళ్ల మధ్య డిస్లెక్సియా పిల్లలను రెండు గుంపులుగా విభజించి, ఒక గుంపుకు లయ ప్రధానంగా సంగీతం, మరో గుంపుకు బొమ్మలు వేయడం నేర్పితే, సంగీతం నేర్చుకున్నవారిలో ధ్వనులను విడదీసే శక్తి, చదివే శక్తి ఎక్కువ మెరుగుపడ్డాయి. పిల్లలు యాభై మందిలోపే, కాబట్టి దీన్ని మందు అని ఎవరైనా డబ్బులు గుంజితే నమ్మకండి. కానీ ఈపాటి ఆధారం కూడా, ఉన్న మృదంగాన్ని మాన్పించమనడానికి లేదు కదా.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం డిస్లెక్సియాను గుర్తించింది, పిల్లల్లో దాన్ని వీలైనంత తొందరగా కనిపెట్టి తగిన బోధన ఏర్పాట్లు చేయవలసిన బాధ్యతను విద్యాసంస్థల మీద పెట్టింది. మా ఊళ్లో ర్యాంకుల హోర్డింగులకు పెట్టే శ్రద్ధలో పదో వంతు దీనికి పెడితే ఎంతమంది పిల్లలు మొద్దులనిపించుకోకుండా గట్టెక్కుతారో. ఒకటో తరగతి గదిలో రోజూ పది నిమిషాలు మాటలను చప్పట్లతో కొలిపించడానికి ఖర్చేమీ లేదు. కోలాటం కర్రలు ఉంటే మరీ మంచిది.

ఇవన్నీ రాసి బడికి ఒక ఉత్తరం ఇచ్చాను. స్పెషల్ క్లాసుకు పంపుతాను, కానీ ఆ గంట వేరే వేళకు మార్చండి అని అడిగాను. ఇంకా జవాబు రాలేదు. సంగతి తెలిసి మాస్టారు మావాడి పాఠాన్ని సాయంత్రం నుంచి ఉదయం ఆరింటికి మార్చారు. వాచకం మర్చిపోకుండా తీసుకురమ్మన్నారు.