మా గుర్రపుసాల్ల మొలకు వేలాడే దాణా డబ్బా దొరకు

నీ బాంచెన్ డబ్బా దొరా, కాల్మొక్త. నీకు కాళ్ళు లేవు గాబట్టి అడుగు మొక్త, ఆ అడుగు గూడ తుప్పు పట్టి సగం రాలింది, అయినా మా ఇంట్ల అందరం మొక్కుతనే ఉన్నం.

నేనెవరో నీకు తెల్వకపోవచ్చు, నువ్వు ఎప్పుడూ నన్ను మనిషి లెక్క చూడలే. దెగ్లూర్ తాలూకాల మద్నూర్ దిక్కుండే ఊరు మాది, ఫోన్‌ల ఓ పూట మహారాష్ట్రకు స్వాగతం అని, ఓ పూట తెలంగాణకు స్వాగతం అని మెసేజ్ వస్తుంటది, ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ, గుర్రంతోని రెండూ. పెండ్లిళ్ళకు బరాత్ గుర్రం తిప్పే ఇల్లు. చాందీ అని ఒక తెల్ల ఆడగుర్రం ఉంది. సాలల మల్లన్న ఫోటో ఉంటది, అటోళ్ళు ఖండోబా అంటరు, ఇద్దరూ ఒక్కరే, ఆ ఫోటో కింద మొలకు నువ్వు. దేవునికి పండుగ పండుగకు అగర్‌బత్తి, నీకు మాత్రం పొద్దున మాపు రెండుసార్లు సేవ. పుట్టుకతోని నువ్వు రెండు లీటర్ల నూనె డబ్బావు, మా తాత చెవి కొట్టించి మొలకు తగిలిచ్చిండంట, అప్పటిసంది మూడు తరాల గుర్రాలు నీ నోటిల నుంచే తిన్నయి. బొమ్మ గీకిపోయింది, అక్షరాలు పోయినయి, పెత్తనం ఒక్కటి పోలే.

అసలు నీ పలుకుబడి చూస్తే మండల్ లీడర్లకు గూడ కుళ్ళు పుట్టాలె. ఎవడైనా మా నాయినను "గుర్రానికి ఏం పెడ్తున్నవే?" అని అడిగితే "పూటకు రెండు డబ్బాలు" అంటడు. అడిగినోడు "అబ్బో" అని తలకాయ ఊపుతడు. రెండు డబ్బాల ఏంది అని ఇద్దరూ అనరు. శనగలా, మక్కలా, ఉలవ గుడాలా, గోధుమ పొట్టా? ఏదైతేంది, డబ్బా డబ్బానే. ఒకనాడు నాకు పనిలేక నిన్ను కిరాణా కొట్టుకు తీస్కపోయి కాంటా మీద పెట్టిన. నిండా శనగలు పోస్తే కిలోన్నర దాటింది, అదే నిండా గోధుమ పొట్టు పోస్తే అరకిలో మీద జరంత. కొట్టోడు నవ్విండు, నేను గిట్ల అమ్మితే తూనికల ఆఫీసరొచ్చి కొట్టు మూపిస్తడు తమ్మీ అన్నడు. నిన్ను పట్టుకునే ఆఫీసర్ ఇంకా పుట్టలే దొరా.

సామెతల గూడ నువ్వే. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు అంటరు, గడ్డి తప్పదు అని ఎవ్వడూ అనలే. పాపం గడ్డికి మన భాషల ఉన్న ఇజ్జత్ తెలిసిందే గదా, తెలివి లేనోన్ని "అన్నం తింటున్నవా గడ్డి తింటున్నవా" అంటం, లంచం తిన్నోన్ని గడ్డి కరిచిండు అంటం. గందుకే మా నాయిన చాందీ ముంగట మోపెడు గడ్డి వేసి ఊకోవాలంటే దాన్ని తిట్టినట్టే అనుకుంటడు, లచ్చలు పెట్టి కొన్న గుర్రానికి ఉత్త గడ్డేందిరా, అది బర్రెనా అంటడు.

సరే, మొన్న ఎండాకాలం పెండ్లి ముచ్చటకొస్త, ఈ ఉత్తరం రాస్తున్నదే అందుకు.

బిలోలి దిక్కు బరాత్. సాయంత్రం ఐదింటికి మొదలైతే డీజే ముంగట చాందీ పదిన్నర దాక నిలబడ్డది, ఎండకు రోడ్డు ఇంకా సెగ కొడ్తనే ఉంది, ఎవ్వడూ బకెట్ నీళ్ళు చూపియ్యలే, లడ్డూలు మాత్రం పెండ్లికొడుకు చెల్లెండ్లు, మేనత్తలు, ఆఖరికి వీడియో తీసెటోడు గూడ తినిపిచ్చిండు. గుర్రానికి లడ్డూ పెట్టుకుంట సెల్ఫీ దిగకుంటే పెండ్లి కానట్టే గదా. అర్ధరాత్రి ఇంటికొచ్చినంక మా తమ్ముడు, పాపం మస్తు అలిసిపోయింది అని, నిన్ను మొల మీదికెల్లి తీసిండు. ఒకటి గాదు రెండు గాదు, మూడు డబ్బాల ఎండు శనగలు. నాననియ్యలే, ఏం లే. ప్రేమ ఎక్కువైతే వాడు గంతే, మన దగ్గర ప్రేమను గూడ నీతోనే కొలుస్తరు.

తెల్లారగట్ల నాలుగింటికి చప్పుడైతే లేసిన. చాందీ ముంగటి కాలుతోని నేల గీరుతుంది, మాటిమాటికి మెడ తిప్పి తన పక్కలే చూసుకుంటుంది, పండుతది లేస్తది పొర్లుతది, చెమటలు కారుతున్నయి, రాత్రి నుంచి ఒక్క లద్దె లేదు. నేను డాక్టర్‌కు ఫోన్ కొట్టేలోపల వాడకట్టంత జమైంది. ఒక కాక అర్ధ సీసా సారా పొయ్యమన్నడు. ఇంకొకాయన మీదెక్కి రెండు కిలోమీటర్లు ఉరికియ్యి గ్యాస్ పోతది అన్నడు. మూడో ఆయన నోరు పైకెత్తి నూనె పొయ్యమన్నడు, ఆయన చెయ్యి అప్పటికే నీ మీదనే ఉంది, గిందుల పోసి తే అంటుండు. గా టైమ్‌ల గూడ నిన్నే దేవులాడిండ్రు చూడు.

డాక్టర్ వచ్చిండు. చెవి గొట్టం పెట్టి గుండె లెక్కవెడితే నిమిషానికి 60 దాటింది, నిమ్మళంగ నిలబడ్డ పెద్ద గుర్రానికి 28 నుంచి 44 ఉండాలంట. నూనె పొయ్యమన్నాయనను ఒక చూపు చూసి, నోట్లె పోస్తే ఊపిరితిత్తులకు పోతది, కడుపునొప్పితోని చావకుంటే దాంతోని చస్తది అన్నడు. ముక్కుల నుంచి పొడుగు పైపు కడుపుల దాక పంపిండు. బుడుబుడుమని గాలి, పుల్లటి నీళ్ళు, అండ్ల నీ శనగలు, సగం సగం ఉబ్బినయి. మనకు అరగకుంటే కక్కి పండుకుంటం, గుర్రానికి కక్కుడు చాతగాదు దొరా, దాని కడుపు మూతి లోపలికే తెరుసుకుంటది, ఎనుకకు రాదు. లోపల ఉబ్బితే పగిలిపోవుడే. ఇంత ఎత్తు జంతువుకు కడుపు ఎంతుంటదో తెలుసా, ఒక నీళ్ళ బిందెంత, 8 నుంచి 15 లీటర్లు. బర్రె పొట్ట నూరు లీటర్లు దాటుతది, అండ్ల నువ్వు పది మునకలు వేసినా అది నెమరేసుకుంట కూసుంటది. గుర్రానికి అసలు అరుగుడంత ఎనుక పెద్దపేగులల్ల, అక్కడ గడ్డిని పులియబెట్టి బతికే కంటికి కనవడని సన్న పురుగులుంటయి, వాటికి దినమంత కొంచెం కొంచెం గడ్డి పంపాలె. వాటి మీద ఒక్కసారే నీ మూడు డబ్బాలు వచ్చి పడితే అవి తలకిందులైతయి, ఆ విషం పోయి డెక్కలల్ల కూసుంటది. అందుకే చాందీ బతికినంక గూడ మూడు దినాలు దాని డెక్కల మీద చెయ్యి పెట్టి వేడి ఉందా అని చూసుకుంటనే ఉన్నం, మా అమ్మ మాకు జొరమొచ్చినప్పుడు గూడ అన్నిసార్లు చూడలే.

పైపు తీసినంక డాక్టర్ చేతులు కడుక్కుంట మా నాయినను "వైరణ్ కితీ దేతా?" అని అడిగిండు, మేత ఎంత పెడ్తవ్ అని. నాయిన గర్వంగ "దోన్ డబ్బే" అన్నడు. "మీ వైరణ్ విచార్లీ, దాణా నాయ్" అన్నడు ఆయన, నేనడిగింది మేత, దాణా గాదు అని. నాయిన మళ్ళ "దోన్ డబ్బే" అన్నడు. ఆయన తువ్వాల మడిచి బ్యాగుల పెట్టుకున్నడు.

ఇగ నుంచి నిన్ను మీరు దొరగారు అనుడు బంద్. (ఇంతసేపు నువ్వు నువ్వు అనే రాసిన, అయినా మనసుల మీరు అనే ఉండె.)

టేపు తెచ్చి చాందీ ఎదురొమ్ము చుట్టు కొలిచిన, ముంగటి కాళ్ళ ఎనుకకెల్లి, 160 సెంటీమీటర్లు. భుజం మూల నుంచి పిర్ర దాక 145. చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడుగుతోని గుణించి, 11,880తోని భాగిస్తే కిలోలు వస్తయి, 312 వచ్చింది. దాంట్ల నూటికి రెండు పాళ్ళు ఎండు మేత, అంటే దినానికి ఆరు కిలోల పైన, ఎంత తక్కువన్నా నాలుగున్నర కంటే కిందికి దిగొద్దు. దాణా ఒక్కపూట కిలోన్నర దాటొద్దు, అంటే నీ ఒక్క మునక. మరి నువ్వు ఇన్నేండ్లు పూటకు రెండు మునకలు ఏ లెక్కన మునిగినవో నీకే తెలియాలె. బరాత్ లేని దినం అది గూడ ఎందుకు, గడ్డి తిని నిలబడ్డ గుర్రానికి అంత దాణా అంటే కుర్చీల కూసున్నోనికి కుస్తీ పట్టెటోని భోజనం పెట్టినట్టు.

నీ ఇంకో చెంచాగాడు గోధుమ పొట్టు. చల్వ చేస్తది అని మా దిక్కు అందరూ పెడ్తరు. దాంట్ల భాస్వరం మస్తు, సున్నం తక్కువ, నెలల కొద్ది అదే పెడితే గుర్రం తన బొక్కలల్ల సున్నం కరిగిచ్చుకొని లెక్క సరిచేసుకుంటది, మొఖం బొక్కలు ఉబ్బి పెద్ద తలకాయ అయితది. పాతకాలంల పిండిమిల్లుల గుర్రాలకు ఎక్కువ వచ్చెడిదంట, మిల్లుల పొట్టు ఉత్తగ దొరికేది గదా.

లోహా దగ్గర మాళేగావ్ జాతర్ల నీ చుట్టాలను చూసిన పోయినసారి. ఖండోబా జాతర, గుర్రాలు, గాడిదలు, కంచరగాడిదలు, ఎక్కడెక్కన్నుంచో వస్తయి. ప్రతి గుంజ దగ్గర ఒక డబ్బా, ప్రతి డబ్బా ఎనుక ఒక గొప్పలోడు. మాది దినానికి ఇన్ని డబ్బాల హర్‌భరా (శనగలు) తింటది, ఇన్ని లీటర్ల పాలు తాగుతది, బెల్లం, నెయ్యి, బాదాములు. పెద్దగైన గుర్రానికి పాలు సరిగ అరగవు, పారుకుంటది, ఆ సంగతి గుర్రానికి తెలుసు ఓనర్‌కు తెల్వదు. కొనెటోడు పిర్ర మీద చరిచి మెరుపు చూస్తడు. పండ్లు చూస్తే వయసు కోసమే చూస్తడు. గ్లాండర్స్ అని మనిషికి గూడ అంటుకునే రోగముంది, దాని రక్తపరీక్షకు హర్యానాల హిసార్‌ల గుర్రాల పరిశోధన కేంద్రమే ఉంది, ఆ రిపోర్ట్ ఏదని అడిగినోన్ని ఒక్కన్ని చూపెట్టు. డబ్బా నిండుగుందా, సౌదా ఖతం.

పండ్లంటే యాదికొచ్చింది. రెండేండ్లు చాందీ సగం దాణా కింద కారవోసేది, నాయిన నకరాలు అనేటోడు, తమ్ముడు ఇంకో డబ్బా పోసేటోడు. ఆ దినమే డాక్టర్ నోట్ల చెయ్యి పెట్టి చూస్తే దవడ పండ్ల అంచులు బ్లేడు లెక్క ఉన్నయి, చెంపల పుండ్లు. గుర్రం పండ్లు బతికినంత కాలం పైకి వస్తనే ఉంటయి, అరుగుతనే ఉంటయి, సరిగ అరగకుంటే ఏడాదికోసారన్న కానస్ (ఆకురాయి) పట్టియ్యాలె. నాల్‌బంద్‌ను ఆరు ఎనిమిది వారాలకోసారి పిలుస్తం, లాడాలు బయటికి కనవడ్తయి గాబట్టి. నోరు ఎవరు చూస్తరు, నోట్లెకు పోయేది నువ్వొక్కనివే గదా.

ఇప్పుడు ఎట్ల నడుస్తుందంటే, జొన్న సొప్ప కుట్టీ కొట్టి, ఎండు గడ్డి, జరంత లసూణ్‌ఘాస్ (లూసర్న్ మేత) కలిపి జాలి సంచిల వేలాడదీస్తున్నం, దినమంత కొరుకుతనే ఉంటది. కొత్తది ఏది పెట్టినా పది పదిహేను దినాలల్ల మెల్లగ కలుపుతున్నం. సైంధవ ఉప్పుగడ్డ పెట్టినం, నీళ్ళు రెండు బకెట్లు ఎప్పుడూ ముంగటనే, ఎండల నలభై లీటర్లు గూడ గుంజుతది. బరాత్ బేరమప్పుడే గంటకోసారి నీళ్ళు, లడ్డూలు బంద్ అని చెప్తున్న, ఇద్దరు గిరాకులు పోయిండ్రు, పోనీ.

నాయిన మాత్రం నిన్ను మొల మీదికెల్లి దింపనియ్యలే. "మా నాయిన చేతిది, రెండు డబ్బాలంటే రెండు డబ్బాలే" అని కూసున్నడు. నాలుగు దినాలు కొట్లాడిన. ఐదో దినం ఆయన నాందేడ్ పోయినప్పుడు నిన్ను రేకు పనోని దగ్గరికి తీస్కపోయిన. నడుముకు గీత గీసి సరిగ్గ సగానికి కోయించి, అంచు మడిపిచ్చి, తాత కొట్టించిన చెవిని కిందికి దించి మళ్ళ కొట్టించిన. ఇప్పుడు నువ్వు ఒక్క లీటరే, నిండా శనగలు పోస్తే ముప్పావు కిలో.

నాయిన వచ్చి నిన్ను చేతుల పట్టుకొని అటు ఇటు తిప్పి చూసిండు. నా దిక్కు చూసిండు. ఏం అనలే. నానవెట్టిన శనగల రెండుసార్లు ముంచి చాందీ ముంగట పోసి, గేటు దగ్గర నిలబడ్డ కాకకు వినవడేటట్టు అన్నడు, "రెండు డబ్బాలేసిన."

ఇట్లు,
నీ పాత బాంచెన్