ఊపిరి పీల్చుకోవడానికీ మీటింగ్ ఇన్వైటేనా?

ఇప్పుడే దిగింది హెచ్చార్ మెయిల్. "మైండ్‌ఫుల్ మండే", అరగంట, అదీ సరిగ్గా లంచ్ టైమ్‌లో. కింద చిన్న అక్షరాల్లో "ఆప్షనల్" అని ఉంది. దాని కిందే "హాజరు నమోదు చేయబడును" అని ఇంకో లైను. ఆప్షనల్‌కి అటెండెన్స్ ఏమిటి మహాప్రభో!

ముందే చెప్తున్నా, ధ్యానం మీద నాకేం కోపం లేదు. "నీకు నమ్మకం లేదేమో" అంటూ కామెంట్లలోకి దిగకండి. జాన్ కబాట్-జిన్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1979లో మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో ఈ మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో ఏం జరుగుతోందో గమనించే ధ్యానం) కోర్సుని మొదలుపెట్టింది ఎన్నాళ్లకీ నొప్పులు తగ్గని పేషెంట్ల కోసం. ఎనిమిది వారాల కోర్సు. వారానికో క్లాసు, రెండున్నర గంటలు. మధ్యలో ఒక రోజంతా మౌనం. ఇంట్లో రోజూ 45 నిమిషాల సాధన. 2022లో యాంగ్జైటీ ఉన్నవాళ్ల మీద చేసిన ట్రయల్లో ఈ కోర్సు ఆందోళనకి డాక్టర్లు రాసే ఎస్‌సిటాలోప్రామ్ మాత్రకి దీటుగా నిలబడింది. మరి మనకిచ్చేదేంటి? పదిహేను నిమిషాలు స్లైడ్లు, ఐదు నిమిషాలు గ్రూప్ ఫోటో, మిగిలిన పదిలో "డీప్ బ్రెత్ తీసుకోండి". కోర్సంతా మందులు రాసిస్తే చేతిలో ఖాళీ స్ట్రిప్ పెట్టి పంపినట్టు.

ఆ పది నిమిషాలైనా సరిగ్గా చెప్తారా అంటే అదీ లేదు. ఊపిరి గట్టిగా లాగక్కర్లేదు, బిగపట్టక్కర్లేదు. పాదాలు నేలకి ఆనించి కూర్చుని, ముక్కు దగ్గరో పొట్ట దగ్గరో అది ఎక్కడ తెలుస్తుంటే అక్కడ గమనించడమే. పది సెకన్లు తిరక్కుండానే మనసు పెండింగ్ టికెట్ మీదకి పోతుంది. పోయిందని పట్టుకున్నామే, అదీ అసలు కసరత్తు. తిట్టుకోకుండా వెనక్కి తెచ్చుకోవాలి, అంతే. "మైండ్ బ్లాంక్ చేసేయండి" అనే ట్రైనరు మొదటి రోజే అందరినీ ఫెయిల్ చేసేస్తున్నట్టు లెక్క. పైగా కొందరికి, ముఖ్యంగా మనసుకి ఏదైనా గట్టి దెబ్బ తగిలి ఉన్నవాళ్లకి, కళ్లు మూసుకుని ఊపిరి మీద దృష్టి పెడితే గుండెదడ ఇంకా పెరుగుతుంది. అలాంటివాళ్లని కళ్లు తెరుచుకునే ఉండమనాలి, అరికాళ్ల కింద నేల ఎలా తగులుతోందో చూడమనాలి, లేదా చుట్టూ వినపడే శబ్దాల మీద ధ్యాస పెట్టమనాలి. ఎనభై మందిని జూమ్‌లో కుక్కి "అందరూ కళ్లు మూసుకోండి" అంటే ఎవరికేమవుతోందో ఎవడు చూస్తాడు? కెమెరాలు మాత్రం ఆన్‌లో ఉండాలట!

ఇక దీనికి తోడు కంపెనీ ఇచ్చిన ధ్యానం యాప్ సంగతి. దానికో స్ట్రీక్, దానికో లీడర్‌బోర్డు. ఎవరెక్కువ ప్రశాంతంగా ఉన్నారో టీముల మధ్య పోటీ. ఓడిపోతే టెన్షన్.

కబాట్-జిన్ కోర్సు మొదలైన అదే 1979లో, పని ఒత్తిడి మీద పరిశోధన చేసిన రాబర్ట్ కరాసెక్ ఇంకో మాట చెప్పాడు. పని భారం ఎక్కువై, ఆ పని ఎలా చేయాలో తేల్చుకునే వీలు తక్కువైతే మనిషి నలిగిపోతాడని. రెండూ ఒకే ఏడాది సరుకు. ఒకటి ఉద్యోగిని మారమంటుంది, రెండోది పనిని మార్చమంటుంది. కంపెనీలు దేన్ని కొనుక్కున్నాయో వేరే చెప్పాలా? 2021లో అమెజాన్ తన గోదాముల కోసం "అమాజెన్" అని ఓ పెట్టెని ట్విట్టర్‌లో చూపించింది. ఫోన్ బూత్ అంత ఉంటుంది. లోపలికెళ్లి, తలుపేసుకుని, వీడియో చూస్తూ ప్రశాంతపడాలి. జనం నవ్విపోయేసరికి ఆ ట్వీట్ తీసేశారు. 2024లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు బ్రిటన్‌లోని 46,336 మంది ఉద్యోగుల సర్వే జవాబులు తిరగేస్తే, ఇలాంటి కార్యక్రమాల్లో చేరినవాళ్లు చేరనివాళ్ల కన్నా మెరుగ్గా ఏమీ కనిపించలేదు. పుండొకచోట, మందొకచోట.

అసలు నా మంట ఆ మెయిల్ మీద కూడా కాదు, క్యాలెండర్ మీద. గూగుల్ క్యాలెండర్ సెట్టింగ్స్‌లో "స్పీడీ మీటింగ్స్" అని ఓ టిక్కు ఉంటుంది. పెడితే అరగంట మీటింగ్ 25 నిమిషాలకి, గంటది 50కి తగ్గుతుంది. ఔట్‌లుక్‌లోనూ ఇలాంటిది ఉంది. పైసా ఖర్చు లేదు. ఆ మిగిలిన ఐదు నిమిషాల్లో మూడు నిమిషాల సాధన హాయిగా పడుతుంది. మొదటి నిమిషం లోపల ఏం నడుస్తోందో చూసుకోవడం, రెండో నిమిషం ఊపిరి, మూడో నిమిషం ఒళ్లంతా. తర్వాత బాత్రూమ్‌కి పోయి రావడానికి ఇంకో రెండు నిమిషాలు. కాకపోతే ఒక తిరకాసు. ఆ టిక్కు ఎవరు పెట్టుకుంటే వాళ్లు పిలిచే మీటింగులకే పనిచేస్తుంది. నేను పెట్టుకుంటే ఏం లాభం, నన్ను పిలిచేవాళ్లు పెట్టుకోవాలి. ఎన్ని ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో రాశానో! ప్రతిసారీ "నోటెడ్" అనే జవాబు.

మైండ్‌ఫుల్ మండే ఒకటిన్నర నుంచి రెండు దాకా. రెండింటికి స్టేటస్ కాల్.