సవరణ: 594 మార్కులు 600కి కాదు, 625కి

బెంగళూరు దక్షిణ విద్యా జిల్లాలో 2025 ఎస్‌ఎస్‌ఎల్‌సీలో (కర్ణాటక పదో తరగతి పరీక్షలో) బాగా చదివిన మన తెలుగు పిల్లల గురించి మొన్న రాశాను కదా. అందులో మా వీధి అమ్మాయికి 600కి 594, అంటే 99 శాతం వచ్చిందన్నాను. తప్పు. కర్ణాటకలో 2025 పరీక్షకు మొత్తం 625 మార్కులు. మొదటి భాషకు 125, మిగతా అయిదు సబ్జెక్టులకు వందేసి. ఆ లెక్కన ఆమెది 95.04 శాతం. మా ఊళ్లో పదో తరగతి అంటే 600 అనే అలవాటుతో చూసుకోకుండా రాసేశాను, పొరపాటు నాదే. నిన్న వాళ్ల నాన్నగారు మార్కుల కార్డు చూపించాక తెలిసింది. తెలుగు మొదటి భాషగా రాసి 121 తెచ్చుకుంది. "వందకి 121 ఎలా వస్తాయండీ?" అని అడిగినవాళ్లకు కూడా జవాబు ఇదే.

అదే పోస్టులో తెలుగు టీచరుగారి గురించి రాసిన "నూటికి నూరు" అన్న మాటను కొందరు పిల్లలందరికీ నూరేసి మార్కులు అనుకున్నారు. అది ఉత్తీర్ణత. ఆవిడ క్లాసులో ఒక్కరూ తప్పలేదు. సెలవు రోజుల్లో కూడా కూర్చోబెట్టి చదివించారు, నాకైతే అదే పెద్ద సంగతి.

ఇంకొకటి. బెంగళూరు దక్షిణ అంటే ఇక్కడ రామనగర జిల్లాకు పెట్టిన కొత్త పేరు కాదు. బెంగళూరు నగర జిల్లాను విద్యాశాఖ ఉత్తర, దక్షిణ అని రెండుగా చూస్తుంది, నేను రాసింది ఆ దక్షిణం గురించి.

పాత పోస్టులో అంకెలు మార్చాను. ఇప్పటికే షేర్ చేసినవాళ్లు దయచేసి ఇది కూడా పంపండి.