సవరణ: ఎక్స్100 రేంజ్‌ఫైండర్ కాదండీ

మొన్న పాతకాలం లుక్ ఉన్న చిన్న కెమెరాల గురించి పోస్ట్ పెట్టినప్పుడు ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100ని "లైకా ఎమ్‌లాగే రేంజ్‌ఫైండర్" (లైకా కంపెనీ ఎమ్ కెమెరాల్లాగే చేత్తో ఫోకస్ చేసే రకం) అని రాసేశా. తప్పు నాదే, ముందు వైపు పైమూలన ఉన్న ఆ కిటికీ చూసి ఫిక్స్ అయిపోయా. ఒకాయన కామెంట్‌లో అడిగాక కంపెనీ మాన్యువల్ తీసి చూశా.

అసలు రేంజ్‌ఫైండర్‌లో రెండు బొమ్మలు కనిపిస్తాయి, అవి ఒకదాని మీద ఒకటి కూర్చునేదాకా మనమే చేత్తో ఫోకస్ రింగ్ తిప్పాలి. 2011లో వచ్చిన ఎక్స్100లో ఆ ఏర్పాటే లేదు, ఫోకస్ మామూలు ఆటోఫోకసే, ఆ కిటికీ హైబ్రిడ్ వ్యూఫైండర్‌ది, అంటే కన్ను పెట్టి చూసే భాగం రెండు రకాలుగా పనిచేస్తుంది, ముందున్న చిన్న లివర్ లాగితే గాజులోంచి నేరుగా కనిపించే దృశ్యం పోయి ఎలక్ట్రానిక్ స్క్రీన్ వస్తుంది.

ఇంకోటి, "డయల్స్ అంతా షో" అన్నానని కొందరు అనుకున్నారు, నేనలా అనలేదు. షట్టర్ డయల్ (వెలుతురు ఎంతసేపు పడాలో పెట్టేది), లెన్స్ చుట్టూ ఉన్న అపర్చర్ రింగ్ (లెన్స్ రంధ్రం ఎంత తెరవాలో పెట్టేది) నిజంగానే పనిచేస్తాయి, రెండూ "A" అక్షరం మీద పెడితే ఆ రెండింటినీ కెమెరాయే ఎంచుకుంటుంది. కెమెరా ఆఫ్‌లో ఉన్నా సెట్టింగ్ ఏంటో పైనుంచి చూస్తే తెలిసిపోతుంది, నాకైతే ఆ లుక్ కంటే ఇదే ఎక్కువ నచ్చింది. పాత పోస్ట్‌లో ఆ లైన్ మార్చేశా.