సూపర్ బిల్టప్ ఏరియా గారికి, నల్లగొండ నుంచి ఓ ఫ్లాట్ ఓనరు రాయునది

మహారాజశ్రీ సూపర్ బిల్టప్ ఏరియా గారికి,

నమస్కారాలు. ఫ్లాట్ లోపలి జాగాకు గోడలు, మెట్లు, లిఫ్టు, కారిడార్ల వాటా కలిపి చెప్పే లెక్క మీరు. మీ క్షేమం అడగక్కర్లేదు. మా ఫ్లాట్‌లో మాకంటే విశాలంగా ఉన్నది మీరే.

నిన్న మా అమ్మ టేకు మంచం పైకి ఎక్కించాం. బెడ్‌రూమ్‌లోకి పోయింది. తలుపు మాత్రం మూసుకోలేదు. చేసేది లేక మళ్లీ బయటికి తెచ్చి, కారిడార్‌లో గోడకు ఆనించాం. సాయంత్రానికి మంచం కాలికి టేపుతో అంటించిన కాగితం: "కామన్ ఏరియాలో సామాను పెట్టరాదు. రేపటిలోగా తీయనిచో వాచ్‌మన్‌చే తీయించబడును." కింద అసోసియేషన్ ముద్ర కూడా ఉంది.

ఎవరి కారిడార్ సార్ అది?

దస్తావేజులో మా ఫ్లాట్ 1150 అడుగులు. రాత్రి నిద్ర పట్టక టేపు పట్టుకుని అర్రలన్నీ కొలిచాను. 805 వచ్చింది. అలమార వెనక, సింకు కింద కూడా వెతికాను. మిగిలిన 345 అడుగులూ మీరు కలిపినవేనట. అంటే 38 గజాలు. ఇందిరమ్మ ఇంటికి కనీసం 400 అడుగులు ఉండాలంటుంది సర్కారు. మీరు ఇంకో 55 మింగి ఉంటే ఒక కుటుంబం గృహప్రవేశం చేసుకునేది.

బుకింగ్ నాడు బిల్డర్ దగ్గరి పిల్లగాణ్ని అడిగితే "మెట్లు, లిఫ్టు, మీటర్ల గది, వాచ్‌మన్ రూము, అన్నిట్లో మీకు వాటా ఉంటది అంకుల్" అన్నాడు. సంతోషం. నా వాటాకు వచ్చిన మెట్టు ఏదో చూపించండి, పొద్దున పేపర్ దాని మీదే కూర్చుని చదువుకుంటా. మీటర్ల గదిలో నా మూల ఏదో చెప్తే బియ్యం డబ్బా అక్కడ పెడతా. రిజిస్ట్రేషన్‌కు ఏడున్నర శాతం కట్టించుకున్నప్పుడు ఆ మెట్లు నావే. నెలనెలా మెయింటెనెన్స్ 1150 అడుగులకు లెక్కేసినప్పుడూ నావే. మంచం పెట్టంగానే అందరివీ అయిపోయాయి!

ఇళ్లు, ఫ్లాట్లు కొనేవాళ్ల కోసం 2016లో వచ్చిన రెరా చట్టంలో కార్పెట్ ఏరియా అంటే ఏందో శుభ్రంగా రాసి ఉంది. లోపలి గోడలు లెక్కలోకి వస్తాయి. బయటి గోడలు, బాల్కనీ, పైపులు పోయే సందులు రావు. మీ పేరు ఆ నిర్వచనంలో ఎక్కడా లేదు. అయినా బ్రోచర్‌లో మీరు అరచేతంత అక్షరాల్లో ఉంటారు, ఆ కార్పెట్ ఏరియా ఆయనేమో అద్దాలు పెట్టుకున్నా కనపడడు.

మిద్దె మీద వడియాలు పెట్టనియ్యరు, తాళం. లిఫ్ట్ ఆదివారం రాదు. పోనీయండి.

చిన్న ఇంటికి రావడం మీద మాకేం బాధ లేదు. పిల్లలు ఎవరి దారిన వాళ్లు పోయారు. రామగిరిలో మా పాత ఇల్లు అంత పెద్దది, ఆ షాబాద్ బండలు కడగలేక మా ఇంటామె మోకాళ్లు అరిగిపోయాయి. ఇత్తడి బిందెలు, గంగాళం ఇస్తామంటే కోడళ్లు "మాకేడ జాగా ఉంది అత్తమ్మా" అన్నారు. వాళ్లూ మీ బాధితులే. అన్నీ వదులుకుని తక్కువలో బతుకుదామనే వచ్చాం. కానీ తక్కువ ఇచ్చి ఎక్కువకు పైసలు గుంజితే దాన్ని ఏమనాలి? దొంగతనం అంటారు సార్ మా దిక్కు. సూపర్ అనరు.

అందుకే వచ్చే ఇల్లు ఇప్పుడే మొదలైంది. మా ఇంటామె క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో ప్లాన్ గీస్తోంది. ముందు మంచం గీసింది, తర్వాత దాని చుట్టూ అర్ర, ఆ అర్రకు తలుపు. నా ఇంజనీరు స్నేహితుడు ఇట్ల గీయరు అన్నాడు. నాకైతే ఇంతకంటే తెలివైన ప్లాన్ కనపడలేదు. దేవరకొండ రోడ్డు వైపు 75 గజాల ముక్క చూశాం. 2020లో ఇంటి పర్మిషన్లు ఆన్‌లైన్‌లో ఇచ్చే టీఎస్ బీపాస్ తెచ్చినప్పుడు, మున్సిపాలిటీల్లో 75 గజాల దాకా జాగాలో గ్రౌండ్ మీద ఒక అంతస్తు దాకా పర్మిషన్ అక్కర్లేదన్నారు. రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలన్నారు. 75 గజాలంటే 675 అడుగులు. ముందర వదిలే జాగా, గోడల మందం పోనూ ఎంత మిగిలితే అంత. గడప మీద కూర్చున్నా అడిగేవాడు ఉండడు. వాస్తు ఆయన ఈశాన్యం పెరగాలంటున్నాడు. ఆయన్ను మీ దగ్గరికే పంపిస్తా, పెరగడం మీకు బాగా వచ్చు.

అప్పటిదాకా ఒక మాట. ఈ నెల నుంచి మెయింటెనెన్స్ 805 అడుగులకే కడతాను. మిగతా 345 అడుగుల బిల్లు మీ పేరు మీదే పంపమని సెక్రటరీకి చెప్పాను. కట్టకపోతే నీళ్లు బంద్ చేస్తారట. చేసుకోమనండి, ట్యాంకులో కూడా నాకు వాటా ఉంది.

ఇట్లు,
805 అడుగుల మనిషి