సవరణ: గప్పీల తొట్టిలో టైగర్ బార్బ్‌లు, సక్కర్ ఫిష్ వద్దు

రెండడుగుల అక్వేరియం తొట్టిలో గప్పీలు, ప్లాటీలు లాంటి చిన్న చేపలు ఉంటే చివరగా నాలుగు టైగర్ బార్బ్‌లు, ఒక సక్కర్ ఫిష్ వేసుకోమని పోయిన పోస్టులో రాశాను. ఆ రెండు సలహాలూ తప్పే. నా మాట మీద ఇప్పటికే కొన్నవాళ్లకు క్షమాపణలు.

టైగర్ బార్బ్‌లకు పొడవాటి తోకలు కనబడితే కొరికే అలవాటు. గుంపు చిన్నదైతే ఆ దుడుకు ఇంకా ఎక్కువ. నా తొట్టిలో మూడో రోజుకే మగ గప్పీ తోక అంచు పీలికలైంది. అది హీటర్ వెనక నక్కి మేతకు కూడా బయటికి రాలేదు. బార్బ్‌లే కావాలంటే ఎనిమిదికి తక్కువ కాకుండా, వేరే తొట్టిలో పెంచండి.

ఇక సక్కర్ ఫిష్. షాపులో వేలెడంతే ఉంటుంది కానీ అడుగు దాటి పెరుగుతుంది. మన తొట్టిలో పట్టేది 55 లీటర్ల నీళ్లే. అది తొట్టి శుభ్రం చేస్తుందన్నది కూడా అపోహే, దాని వ్యర్థంతోనే నీళ్లు త్వరగా పాడవుతాయి.

వాటి బదులు ఆరు కోరిడోరాస్ (తొట్టి అడుగున తిరిగే చిన్న మీసాల చేపలు) వేయండి. అడుగున మెత్తటి ఇసుక ఉండాలి, గరుకు గులకరాళ్లకు వాటి మీసాలు అరిగిపోతాయి. అడుగుకు చేరే మేత బిళ్లలు విడిగా వేయాలి.

కొన్న సక్కర్ ఫిష్‌ను షాపుకే తిరిగిచ్చేయండి. దయచేసి చెరువులోనో కాలువలోనో వదలొద్దు. మన దగ్గర అలా చేరినవే పెరిగి జాలర్ల వలలు చింపుతున్నాయి.